జ్వరమా, రోగమా? సైకాలజిస్టు దగ్గరికి పోయే ముందు తెలుసుకోవాల్సింది



ఈ గ్రూపులో రోజూ వచ్చేవి గూళ్ల రేట్లు, చాకీ తారీకులు, ఊజి ఈగ ఫొటోలు, షెడ్డు సబ్సిడీ సంగతులు. పురుగు ఆకు తినడం మానేస్తే అర గంటలో ఫొటో పడుతుంది, పదిమంది సలహా చెబుతారు. అదే ఆ పురుగులను మేపే మనిషి అన్నం సరిగా తినడం మానేస్తే నెల గడిచినా ఎవరూ అడగరు. ఆయనా చెప్పడు. చెబితే "పిచ్చి పట్టిందంట" అంటారని భయం.

ఇప్పుడిప్పుడే మనోళ్లలో కొందరు సైకాలజిస్టు దగ్గరికి పోతున్నారు. సంతోషం. కానీ చాలామంది ఒక్కసారి పోయి, "ఏముంది, ఊరికే మాట్లాడించి పంపినారు" అని మళ్లీ ఆ గడప తొక్కడం లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తప్పు ఎప్పుడూ డాక్టరుదీ కాదు, మనదీ కాదు. ఆ పని ఏమిటో తెలియకుండా, మరీ ఆలస్యంగా, ఇంకొకరి నోటితో, ఇంకొక భాషలో పోతున్నాం. అందుకే ఫలితం లేదు. ఈ నాలుగూ సరిచేసుకొని పోతే పోయిన దారి ఖర్చు దండగ కాదు.

*ముందు జ్వరానికీ రోగానికీ తేడా*

గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేలోపు పురుగు నాలుగుసార్లు జ్వరానికి పోతుంది. ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. కొత్తవాడు చూస్తే రోగం అనుకుంటాడు. మనం మాత్రం మేత ఆపి, సున్నం చల్లి, పడక ఆరబెట్టి కాచుకొని ఉంటాం. ఒక రోజు అటూ ఇటూగా పొర విడిచి లేస్తుంది, మళ్లీ ఆకలిగా తింటుంది. పాలరోగం వచ్చిన పురుగూ ఆకు తినదు. కానీ అది జ్వరానికి పోదు, పొర విడవదు, ఒళ్లు ఉబ్బి మెరుస్తూ తట్ట అంచు వెంబడి తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ "తినడం లేదు" అనే ఒక్క మాటే. దగ్గరికి పోయి చూసి, గంటలు లెక్క పెట్టేవాడికే తేడా తెలుస్తుంది.

మనసుకూ అంతే. పంట పోయినా, గూడు రేటు పడిపోయినా, ఇంట్లో ఒకరు దూరమైనా నాలుగు రోజులు నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం జ్వరం లాంటిది. మనిషి అందులోనుంచి లేస్తాడు. లేవకపోతే అది చూపించుకోవాల్సిన సంగతి. డిప్రెషన్ అనడానికి డాక్టర్లు పెట్టుకున్న కొలత రెండు వారాలు. రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా ఉండడం, లేదా ఇంతకుముందు ఇష్టమైన దేనిమీదా ఆసక్తి లేకపోవడం ముఖ్యమైన గుర్తు. దానికి తోడు నిద్ర, ఆకలి దెబ్బతినడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, పనిమీద దృష్టి నిలవకపోవడం, "నేను ఎందుకూ పనికిరాను" అనిపించడం, చావు ఆలోచనలు రావడం. వీటిలో కొన్ని కలిసి వస్తే జ్వరం కాదు, రోగం కిందే లెక్క.

మన పనిలో ఒక చిక్కు ఉంది. నాలుగో జ్వరం లేచాక పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ ఆఖరి వారంలోనే తింటుంది. అప్పుడు ఎవరికీ నిద్ర ఉండదు, నోట్లో ముద్ద దిగదు. చిరాకు, తలనొప్పి, నడుము నొప్పి అందరికీ ఉంటాయి. అందుకని నేను చెప్పే లెక్క ఇది. గూళ్లు అమ్మి, షెడ్డు కడిగి, నాలుగు రాత్రులు నిద్రపోయే వీలు దొరికాక కూడా నిద్ర రాకుంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండె దడదడ కొట్టుకుంటుంటే, తరువాతి పంటకు చాకీ చెప్పడానికి కూడా చెయ్యి రాకుంటే అది అలసట కాదు. ఇంకో పంట చూద్దాం అని ఆగవద్దు. చావు ఆలోచనలు వస్తుంటే ఈ లెక్కలేవీ వద్దు, ఆ రోజే పోవాలి.

*ఎవరు ఏం చేస్తారు*

చాలామంది ఇక్కడే తికమక పడతారు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ మీద మానసిక వైద్యంలో పట్టా తీసుకున్న డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రం చదివి, ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణ పొందిన నిపుణుడు. ఆయన మాత్రలు రాయరు. మాట్లాడి, పరీక్షలు పెట్టి, సమస్య ఏమిటో అంచనా వేసి, మాటలతోనూ అభ్యాసాలతోనూ చికిత్స చేస్తారు. మాత్ర ఇవ్వలేదని కోపం తెచ్చుకోవద్దు. కిరాణా కొట్టుకు పోయి సున్నం దొరకలేదంటే కొట్టువాడి తప్పు కాదు కదా. మందు అవసరమైతే ఆయనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. చాలా జబ్బులకు మందూ మాటా రెండూ కలిస్తేనే గుణం.

బోర్డు మీద "కౌన్సిలర్", "మైండ్ స్పెషలిస్టు" అని ఉన్నంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. మన దేశంలో వీళ్లు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో పేరు నమోదు చేసుకొని ఉండాలి. "మీ ఆర్‌సీఐ నంబరు ఎంతండీ?" అని మర్యాదగా అడగవచ్చు. గుడ్లు కొనేటప్పుడు పెబ్రిన్ పరీక్ష చేసినవేనా అని అడుగుతాం, ఎవరూ నొచ్చుకోరు. ఇదీ అంతే. ఒక్క కూర్చోవడంలో నయం చేస్తానని గ్యారంటీ ఇచ్చేవాళ్లకు మాత్రం దూరంగా ఉండండి.

ఇంకో మాట. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా మనిషి డీలా పడిపోతాడు, దిగులుగా ఉంటాడు. అందుకని ముందుగా మామూలు డాక్టరు దగ్గర ఒకసారి రక్త పరీక్ష చేయించుకొని ఆ కాగితం చేతిలో పెట్టుకొని పోతే మంచిది.

*చేతిలో ఏం తీసుకుపోవాలి*

గుడ్లు ఏ రోజు వచ్చాయి, ఏ జ్వరం ఏ తారీకున లేచింది, షెడ్డులో వేడి ఎంత ఉంది అని మనం పుస్తకంలో రాసుకుంటాం. టెక్నికల్ ఆఫీసరు వచ్చి ముందు అడిగేది ఆ పుస్తకమే. మనసు సంగతికీ ఒక పేజీ రాసుకోండి. ఒక వారం చాలు. ఎన్ని గంటలకు పడుకున్నాను, ఎప్పుడు మెలకువ వచ్చింది, ఎన్నిసార్లు తిన్నాను, ఎంత తాగాను, కోపం ఎప్పుడు వచ్చింది. రాయడం రాకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేసుకోండి, లేదా పిల్లల చేత రాయించుకోండి. వాడుతున్న మాత్రలు, నాటు మందులు, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకోండి. ఇది ఎప్పటినుంచి మొదలైంది, అప్పుడు ఇంట్లో, పంటలో ఏం జరిగింది అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి.

తాగుడు సంగతి దాచవద్దు. ఎంత తాగుతారో తగ్గించి చెబితే చికిత్స దారి తప్పుతుంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, తల తిరుగుడు మాటలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అది డాక్టరు చూసుకుంటూ చేయాల్సిన పని. అప్పు సంగతీ దాచవద్దు. ఆయన అప్పు వసూలు చేయడానికి రాలేదు. నిద్ర పోగొట్టింది ఏదో తెలిస్తేనే ఆయనకు పని మొదలవుతుంది.

*మన భాష అడగండి*

ఇది మనకు ప్రత్యేకం. మనం కోలారు, చిక్కబళ్లాపురంలో ఉన్నాం, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురిలో ఉన్నాం, గజపతి, రాయగడలో ఉన్నాం, సోలాపూరు, చంద్రపూరులో ఉన్నాం, యానాంలో ఉన్నాం. తరాలుగా ఉన్నాం. మార్కెట్లో కన్నడం, తమిళం, ఒరియా, మరాఠీ మాట్లాడి రేటు తెగ్గొట్టుకుంటాం. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. కానీ గుండెలో మాట వేరు. "ప్రాణం ఉసూరుమంటోంది", "కడుపులో దేవినట్లుంది", "మనసు కుదురుగా లేదు", "అదోమాదిరిగా ఉంది" అన్న మాటలు ఇంకో భాషలోకి పోతే ఉత్త "నొప్పి", "భయం" అయిపోతాయి. అప్పుడు గ్యాస్ మాత్ర చేతికి వస్తుంది.

బ్యాంకు కాగితం ఏ భాషలోనైనా సంతకం పెట్టవచ్చు. ఏడుపు మాత్రం అమ్మ భాషలోనే వస్తుంది. అందుకని చీటీ రాయించుకునే చోటే అడగండి, "తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా?" అని. అడగడంలో సిగ్గు లేదు, ఎవరినీ కించపరచడమూ కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌కు ఆంధ్ర వైపు నుంచి కూడా రోగులు వస్తారు కాబట్టి తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడ కొత్త కాదు. తెలుగు వచ్చినవాళ్లు దొరక్కపోతే తోడుగా ఒకరిని తీసుకుపోండి, అయితే మీ కష్టానికి కారణమైన మనిషినే దుబాసీగా పెట్టుకోవద్దు. పదేళ్ల కొడుకు చేత తల్లి కడుపులో మాట చెప్పించవద్దు.

*మన నోటితోనే చెప్పాలి*

పురుగుల పనిలో సగానికి పైగా ఆడవాళ్లే చేస్తారని మనందరికీ తెలుసు. ఆకు కోసేది, తట్టలు తీసేది, పండిన పురుగులు ఏరి చంద్రికల మీద వేసేది చాలా ఇళ్లలో వాళ్లే. అయినా డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "ఏమైందమ్మా?" అంటే మొగుడు చెబుతాడు, లేకుంటే అత్త చెబుతుంది. ఆమె తల వంచుకొని ఉంటుంది. ఇలా అయితే సైకాలజిస్టు ఎంత గొప్పవాడైనా ఆమె కష్టం కాదు, వాళ్ల అభిప్రాయం వింటాడు. అందుకని పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. మగవాళ్లు కూడా బయట బెంచీ మీద కూర్చోవడం నేర్చుకోవాలి. బిడ్డ పుట్టిన కొత్తలో దిగులు, నెలసరి ఆగే వయసులో చిరాకు, మొగుడు కొట్టడం, ఇవన్నీ ఒంటరిగా ఉంటేనే బయటికి వచ్చే మాటలు.

*అక్కడ ఏం జరుగుతుంది*

మొదటి రోజు ఎక్కువగా ప్రశ్నలే. పుట్టినప్పటి సంగతులు, చదువు, పెళ్లి, కుటుంబంలో ఎవరికైనా ఇలా ఉందా అని అడుగుతారు. "నా నిద్ర సంగతికీ మా తాతకీ ఏం సంబంధం?" అనిపిస్తుంది. ఉంది, చెప్పండి. కొన్నిసార్లు కాగితం మీద ప్రశ్నలు, బొమ్మలు, సిరా మచ్చల కార్డులు చూపించి పరీక్ష చేస్తారు. అందులో పాసు, ఫెయిలు లేదు. చదువులో వెనకబడిన పిల్లలకు తెలివితేటల పరీక్ష చేసి, కారణం ఏమిటో చెప్పేది కూడా వీళ్లే.

తరువాత వారానికోసారి, ముప్పావు గంట నుంచి గంట. చాలా సమస్యలకు పది, పన్నెండుసార్లు కూర్చోవాల్సి వస్తుంది. మాటల వైద్యం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. పంట పోయింది. వెంటనే మనసులో మాట, "నాకు ఏదీ కలిసిరాదు". దాని వెనకే, "నేను ఇంటికి బరువు". ఆ మీద పడుకోవడం, ఎవరినీ కలవకపోవడం. కలవకపోతే ఇంకా బరువు. సైకాలజిస్టు ఈ గొలుసును మనముందు పెట్టి ఒక్కొక్క కొక్కెం ఊడదీయిస్తారు. ఎన్ని పంటల్లో ఎన్ని పోయాయి? పోయినది మీ తప్పా, ఆకు తప్పా, ఎండ తప్పా? రేపు పొద్దున చేయగలిగిన చిన్న పని ఒకటి ఏది? అలా ఇంటికి పని ఇచ్చి పంపుతారు. ఆ పని చేయకుండా పోతే, మందు కొని అటకమీద పెట్టినట్లే.

పంట మధ్యలో వారం వారం పోవడం మనకు కష్టం. ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. "ఫలానా తారీకు నుంచి ఎనిమిది రోజులు కదల్లేను" అంటే ఆ వారం ఫోన్‌లో మాట్లాడే వీలుందేమో చూస్తారు. చెప్పకుండా మానేయడం కంటే ఇది మేలు. ప్రైవేటు దగ్గర ఒక్కో కూర్చోవడానికి ఫీజు ఎంత, మొత్తం ఎన్నిసార్లు పట్టవచ్చు అని ముందే అడగండి. నాలుగైదుసార్లు పోయినా ఆ మనిషితో మాట కలవకపోతే వేరేవాళ్ల దగ్గరికి మారడం తప్పు కాదు.

*గుట్టు, చట్టం*

"ఊరంతా తెలిసిపోతుంది, పిల్లకు సంబంధాలు రావు" అన్నది పెద్ద భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మన సంగతులు గుట్టుగా ఉంచాలని ఆ చట్టమే చెబుతుంది. మన ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే బయటికి చెప్పవచ్చు. ఎవరికి ఏం చెబుతారో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఒళ్లు జబ్బులకు ఇచ్చినట్లే మనసు జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం అంటుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 115వ సెక్షను. కాబట్టి "పోలీసు కేసు అవుతుంది" అని ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచవద్దు.

గుడికో, దర్గాకో పోవడం తప్పని నేను అనను. మనసుకు అక్కడ దొరికే నెమ్మది అక్కడ దొరుకుతుంది. కానీ మనిషిని కట్టేసే చోట వదిలి రావద్దు. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడం చట్టం ప్రకారం నిషేధం. మొక్కు తీర్చుకోండి, చీటీ కూడా రాయించుకోండి.

*ఎక్కడికి పోవాలి*

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఈ సేవ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. కర్ణాటకలో మనోచైతన్య పేరుతో మంగళవారాలు తాలూకా ఆసుపత్రులకు మానసిక వైద్యులు వచ్చే పథకం ఉంది. మీ తాలూకాకు ఏ మంగళవారమో ఆశా కార్యకర్తను అడగండి. ఒడిశాలో దక్షిణం వైపు దసలి, మల్బరీ రైతులకు బరంపురం మెడికల్ కాలేజీ, విదర్భ వైపు వాళ్లకు నాగపూర్ ప్రాంతీయ మానసిక ఆసుపత్రి, యానాం వాళ్లకు పక్కనే కాకినాడ పెద్దాసుపత్రి ఉన్నాయి. ఎక్కడికీ కదలలేకపోతే టెలి మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

*"అప్పు తీరుస్తాడా?"*

ఈ మాట తప్పకుండా వస్తుంది. రేటు పడిపోతే, వాన లేక తోట ఎండితే, సైకాలజిస్టు అప్పు తీరుస్తాడా? తీర్చడు. గిట్టుబాటు ధర అడగాల్సిన చోట "రైతులకు కౌన్సెలింగ్ ఇస్తాం" అని ఏ అధికారైనా చేతులు దులుపుకుంటే ఒప్పుకోవద్దు, నేనూ ఒప్పుకోను. ధర పోరాటం ధర పోరాటమే. అయితే ఆ పోరాటానికైనా, బ్యాంకులో వాయిదా గడువు అడగడానికైనా, పొద్దున్నే లేచి ఆకు కోయడానికైనా ముందు మనిషి లేచి నిలబడాలి. పురుగు బతికుంటేనే ఆకు రేటు గురించి మాట.

మన ఇళ్లలో తోటకు కొట్టే పురుగుమందు, షెడ్డుకు వాడే ఫార్మలిన్ ఉంటాయి. ఎవరైనా మరీ డీలా పడినట్లు కనిపిస్తే వాటిని ఆ ఇంట్లోనుంచి తీసి, తాళం వేసిన చోట పెట్టండి, ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. ఏదైనా తాగినట్లు అనుమానం వస్తే వాంతి చేయించే నాటు వైద్యాలు వద్దు, 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా పట్టుకొని ఆసుపత్రికి.

ఆఖరుగా గ్రూపు అడ్మిన్లకు ఒక మనవి. గూళ్ల రేట్లు పెట్టే చోటే నెలకోసారి ఒక మెసేజ్ పెట్టండి. ఏ తాలూకా ఆసుపత్రికి మానసిక వైద్యులు ఏ రోజు వస్తారు, అక్కడ తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా, 14416 నంబరు. తెలిసినవాళ్లు తమ తాలూకా వివరం కింద రాయండి. ఎవరైనా "నాకు మనసు బాగాలేదు" అని రాస్తే దాని కింద నవ్వే బొమ్మ పెట్టవద్దు. ఫోన్ చేయండి. "అన్నా, తిన్నావా?" అని అడిగితే చాలు, మొదలుపెట్టడానికి.